సిరా పట్టని వేలు

కాశీబుగ్గలో ఒకటో తరగతి గది.
గోడ మీద అక్షరాల చార్టు.
ఏ బొమ్మ ఎవరి గుర్తవుతుందోనని
ముందురోజు రాత్రే పాత పేపరుతో కప్పేశాం.
ళ, క్ష, ఱ మాత్రం మిగిలాయి.
వాటికి బొమ్మల్లేవు.

నేను రెండో పోలింగ్ అధికారిని.
అధికారమంటే ఏం లేదు,
ఒక సిరా బుడ్డి, ఒక పుల్ల,
ఇసుక పోసిన ప్లాస్టిక్ గిన్నెలో
బుడ్డి ఒరిగిపోకుండా చూసుకోవడం.

తెల్లారి ఐదున్నరకి ఏజెంట్ల ముందు
యాభై ఉత్తుత్తి ఓట్లు వేసి, లెక్కపెట్టి, చెరిపేశాం.
యాభైకి యాభై.
"ఉత్తుత్తివి ఎప్పుడూ సరిపోతాయి లెండి"
అన్నాడు గళ్ళచొక్కా ఏజెంటు.
పోయినసారి గెలిచి
ఇదే పెట్టెకి దణ్ణం పెట్టినవాడు.
ఎవరూ నవ్వలేదు.

పదకొండింటికి జీడి బట్టీల ఆడవాళ్ళొచ్చారు.
పిక్క నూనె తాగి తాగి
గోరెక్కడ ఆగిందో చర్మమెక్కడ మొదలైందో
తెలియని చేతులు.
బమ్మిడి కుంతెమ్మ,
వరస సంఖ్య నాలుగు వందల పన్నెండు,
ఎడమ చెయ్యి నా బల్ల మీద పెట్టింది.

చూపుడువేలు తుడిచాను. నలుపు.
గుడ్డ తడిపి మళ్ళీ తుడిచాను.
నలుపు కింద ఇంకో నలుపు.
పుల్లతో గీత గీశాను,
చీకట్లో కాకి వాలినట్టు
ఎక్కడుందో నాకే తెలియలేదు.

"ఇదేటికమ్మా?"
"రెండోసారి వెయ్యకుండా."
"ఓహో. నన్ను నమ్మనేదన్నమాట."
నేను తలెత్తలేదు.
"పోన్లే. నాను దొంగనో కాదో నా ఏలు సెప్తాది.
మరా పెట్టికి ఏటి రాసినారు?"

వెనక వరసలో దగ్గు ఆగింది.

చెప్పాలి కదా, చెప్పాను.
ఆకుపచ్చ కాగితం సీలు గురించి,
దాని మీద ఏజెంట్ల సంతకాల గురించి,
గాజు కిటికీలో ఏడు సెకన్లు
నువ్వేసిన గుర్తు నీకు కనిపిస్తుందని.
శిక్షణలో మాకు చెప్పింది చెప్పినట్టే,
పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు.

"ఏడు సెకన్లేనా" అంటూ లోపలికెళ్ళింది.
బీప్, పొడుగ్గా.
అట్ట వెనకనుంచే కేకేసింది:
"అగుపించినాది టీచరమ్మా!
నా కళ్ళతో సూసినాను, అబద్దమాడను.
అది కిందికి రాలిపోయినాక ఏటయినాదో
నాకూ తెల్దు, నీకూ తెల్దు."

ప్రిసైడింగ్ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.
ఏ ఫారంలో రాస్తాం దీన్ని?
ఫిర్యాదు కాదు. ఆరోపణ కాదు.
మా సంచిలో ఇరవై రకాల కవర్లున్నాయి,
ఈ మాట పట్టేది ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం అందరి ఫోన్లలో ఒకటే వీడియో,
ఏది నొక్కినా ఒకడికే పడుతోందని.
ఏ ఊరిదో, ఏ ఏటిదో.
నిజమని చెప్పేవాడు లేడు,
కాదంటే వినేవాడూ లేడు.

సాయంత్రం రిజిస్టరులో ఏడు వందల ముప్ఫై ఒకటి.
పెట్టెలో ఏడు వందల ముప్ఫై ఒకటి.
హమ్మయ్య అనుకున్నాను.
అంతసేపూ ఊపిరి ఎందుకు బిగబట్టానో
అప్పుడు తట్టింది.

రాత్రి బస్సు నరసన్నపేట దాటుతుంటే
ఒళ్ళో పెట్టె, పక్కన నిద్రపోతున్న కానిస్టేబులు.
నా ఓటు పదిరోజుల కిందటే వేశాను,
కవరులో కవరు, పైన ఒక గజిటెడ్ సంతకం.
ఆయన పెన్ను సగంలో ఆగి, విదిలించి, మళ్ళీ రాసింది.
ఆ సంతకం సంతకంలా ఉందో లేదో,
ఏ బల్ల మీద ఎవరు పక్కకి నెట్టారో.
కుంతెమ్మకి ఏడు సెకన్లయినా దక్కాయి.

జూన్‌లో మా బడి తెరిచారు.
ఆమె వేలి మీద ఒక్క క్షణమూ కనబడని సిరా
బుడ్డి మూత పెడుతుంటే నా బొటనవేలి గోటికంటింది,
ఇంకా పోలేదు.
మూడో బెంచీ పిల్ల చూసింది.
"టీచర్, మీరూ ఓటేశారా?"
వేశానన్నాను.
"పడిందా?"

నల్లబల్ల వైపు తిరిగి
తారీకు రాస్తున్నాను.